గోడ మీద బొగ్గు గీత

రామవ్వ చేతిలోంచి జొన్నరొట్టె జారి బూడిదలో పడింది.

ఆ పూటకి అది నాలుగోది.

బెంచీ మీద కూర్చున్న కొత్త మనిషి చూశాడు. అరవై దాటిన వయసు, కళ్లద్దాలు.

"కుడి చెయ్యి దాచుకుంటున్నవేంది బిడ్డా?"

"దాచుకుంటలేను కాకా. లేస్తలేదు."

నారాయణఖేడ్ బస్టాండు దగ్గర రామవ్వ రొట్టెలకు ఒకప్పుడు పేరుండేది. ఐదు నెలల కింద, కల్హేర్ రోడ్డు మీద గంప నెత్తిన పెట్టుకుని నడుస్తుంటే వెనక నుంచి బండి గుద్దింది. తెలివి వచ్చేసరికి దవాఖానలో ఉంది. ఎవరో ఆటోలో తెచ్చారన్నారు. ఆ ఎవరో గురించి ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. గుద్దినవాణ్నే పొద్దూ మాపూ తలుచుకునేది.

భుజం కీలు జారిందని సరిచేశారు. మూడు వారాలకు పట్టీ తీసి చెయ్యి ఆడించమన్నారు. మళ్లీ జారుతుందేమోనన్న భయంతో ఆమె మూడు నెలలు తీయలేదు. తీసేసరికి కీలు ఎండిన తోలులా బిగుసుకుపోయింది. ఎడమ చేత్తో చరిచిన రొట్టె ఒక పక్క మందం, ఇంకో పక్క చిల్లి. తినేవాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఇంకో నాలుగు నెలలు ఇట్లాగే సాగితే పొయ్యి ఆర్పుకోవలసిందే.

"నాకూ ఒకసారి ఇట్లనే పట్టేసింది. రోజూ ఆడిస్తే వస్తది," అన్నాడు పెద్దమనిషి.

"నాతోని గాదు. పానం పోయినంత నొప్పి."

ఆయన చూపు పొయ్యి పక్కన మేకుకు వేలాడుతున్న అద్దం మీద పడింది. మోటారు సైకిలు అద్దం. కాడ విరిగి ఉంది.

"గదేంది?"

రామవ్వ ముఖం మారిపోయింది.

"నన్ను గుద్దినోని బండిది! నా గంపల పడ్డది. వాని చెయ్యి పడిపోను, వాని ఇల్లు కూల! బోరంచ నల్లపోచమ్మకు మొక్కిన కాకా. గీ చేత్తోనే వాని చెంప పలగ్గొడ్త. గీ చేత్తోనే తల్లికి కొబ్బరికాయ కొడ్త!"

ఆయన అద్దం తీసుకుని వెనక్కి తిప్పాడు. ఎర్ర ప్లాస్టిక్కు మీద చుట్టిన ఆకుపచ్చ టేపును బొటనవేలితో రుద్దాడు. ఏదో చెప్పబోయి, ఆమె చేతి వైపు చూసి ఆగిపోయాడు.

"తిట్టేటప్పుడు నీ చెయ్యి జానెడు లేసింది. చూస్కున్నవా?"

రామవ్వ చూసుకుంది. నిజమే.

ఆయన అద్దాన్ని తిరిగి మేకుకు తగిలించాడు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"వాడు నా అంత ఉంటడనుకో. చెంప ఏడికొస్తదో గీత గియ్యి."

ఆమె నవ్వుతూనే ఎడమ చేత్తో బొగ్గు తీసి, ఆయన చెంప పక్కన గీత గీసింది.

"గోడ మీద చీమ పాకినట్టు వేళ్లు నడిపియ్యి. గీత అందిననాడు వాణ్ని కొట్టొచ్చు."

అప్పటినుంచి వారానికి రెండు మూడు రోజులు మధ్యాహ్నం పూట నడుచుకుంటూ వచ్చేవాడు. రెండు రొట్టెలు తినేవాడు. చిల్లులున్నా ఏమీ అనేవాడు కాదు. వేడి ఉప్పు మూటతో కాపడం పెట్టుకోమనేవాడు. వంగి, చెంబు పట్టుకుని చెయ్యి ఊపమనేవాడు.

"ఇగ చాలు కాకా, సస్తున్న!"

"గంతేనా నీ పగ? వాడేమో హాయిగ తిరుగుతుండు."

ఆ మాటతో ఆమె పళ్లు బిగబట్టేది. వేళ్లు ఇంకో అంగుళం పాకేవి. గోడ మీద పిండి మరకలు ఒకదానిపై ఒకటి మెట్లలా పైకి వెళ్లాయి.

మూడో నెలలో ఒక ఉదయం, వేళ్లు బొగ్గు గీతను దాటాయి.

కాకాకు చూపిద్దామని ఆమె గుమ్మంలో నిలబడింది. ఆ రోజు ఆయన బండి మీద వచ్చాడు.

"బీదర్‌ల బిడ్డ దగ్గరికి పోతున్న. ఇగ ఆడనే ఉంట. చెప్పిపోదామని..."

రామవ్వకు ఆ మాటలు వినపడలేదు. ఆమె బండినే చూస్తోంది. కుడి పక్క అద్దం ఉంది. వెనక ఎర్ర ప్లాస్టిక్కు, ఆకుపచ్చ టేపు.

ఎడమ పక్క అద్దం లేదు.

"నువ్వా!"

చెయ్యి లేచింది. బొగ్గు గీత ఎత్తుకే లేచింది. చెంప ఛెళ్లుమంది. కళ్లద్దాలు ఎగిరి మట్టిలో పడ్డాయి. బస్టాండు జనమంతా తిరిగి చూశారు.

"ఇంతకాలం నా రొట్టెలు తినుకుంట నన్నే ఆటాడిస్తవా, పాపిష్టోడా!"

ఆయన వంగి కళ్లద్దాలు తీసుకున్నాడు. పంచెతో తుడుచుకున్నాడు.

"నొప్పి లేసిందా?"

"నాకేంది నొప్పి?"

"భుజానికి."

"లేదు," అంది ఆమె, తెలియకుండానే.

"అయితే నయమైంది బిడ్డా."

బండి ఎక్కి బీదర్ దారి పట్టాడు.

ఆ మధ్యాహ్నం రామవ్వ కుడి చేత్తో రొట్టె చరిచింది. పల్చగా, గుండ్రంగా వచ్చింది. రేపే బోరంచ పోవాలనుకుంది.

అంతలో ఆటో వచ్చి ఆగింది. దిగినవాడు ఆమె చేతినే చూస్తున్నాడు.

"మంచిగైనవా అక్కా? నన్ను గుర్తువట్టవులే. నేను దత్తును. ఆ దినం నిన్ను దవాఖానకు తెచ్చింది నా ఆటోలనే. తెల్లారి జహీరాబాద్ పోయిన, నిన్ననే వచ్చిన."

"గుద్దినోడు దొరికిండు తమ్మీ!" రామవ్వ మేకు మీది అద్దం తీసి చూపింది. "గీ అద్దమే పట్టిచ్చింది. పొద్దుగాల్నే కొట్టిన ముసలోణ్ని. చెంప వాచిపోయింది!"

దత్తు అద్దం అందుకోలేదు.

"గుద్దినోడు పడుచు పోరడు అక్కా, ఆగకుండ ఉరికిండు. గీ అద్దం వెనకొచ్చిన పెద్దాయనది. నిన్ను ఎత్తుకోనీకి ఆయన బండిని రోడ్డు మీదనే పడేసిండు, అప్పుడు ఇరిగింది. ఆయనకియ్యాల్నని నేనే నీ గంపల ఏసి, ఆ లొల్లిల మర్సిపోయిన."