మొహమాటం ఓటు

"బండి తియ్యమంటారా, సరుకు దింపెయ్యమంటారా? ఏదో ఒకటి తేల్చండమ్మా," అన్నాడు లారీ డ్రైవరు శ్యాంబాబు.

వీరదుర్గ ఏమీ తేల్చలేకపోయింది. నాగపూర్ వెళ్ళాల్సిన మూడు వేల మామిడి అంట్లు నిన్న పొద్దుటినుంచీ లారీలోనే ఉన్నాయి. ఇప్పటికి నాలుగుసార్లు నీళ్ళు చల్లించింది. అయినా పైవరస ఆకులు వాలిపోతున్నాయి. రెండేళ్ళు తన చేత్తో కట్టి పెంచిన మొక్కలు. ఇంకో పూట ఇలాగే ఉంటే పారబొయ్యడానికి తప్ప ఎందుకూ పనికిరావు.

"సంఘం స్టాంపు లేని కాగితంతో నేను కదలనండి. చెక్‌పోస్టులో ఆపేస్తే నా పూచీ లేదు మరి."

స్టాంపు సత్తిరాజు గారి దగ్గరుంది. సత్తిరాజు గారు ఓడిపోయారు. ఆయన మాత్రం ఓడిపోలేదంటున్నారు. గొడవంతా అదే.

నర్సరీ రైతుల సంఘానికి పన్నెండేళ్ళుగా ఆయనే అధ్యక్షుడు. మొన్న ఆదివారం ఎన్నికల్లో రత్నమాణిక్యానికి నూటఆరు ఓట్లొచ్చాయి, ఆయనకి నూటఅయిదు. మూడుసార్లు లెక్కపెట్టినా అంతే. అయినా ఆయన స్టాంపూ ఇవ్వరు, ఆఫీసు తాళమూ ఇవ్వరు. ఎందుకండీ అంటే ఒకటే జవాబు.

"అందులో ఒక ఓటు మొహమాటానికి పడిందండి. అది లెక్కలోకి రాదు."

ఆ మాటతో ఊరంతా తికమకపడిపోయింది. మొహమాటానికి వేసిందెవరు? వేస్తే మాత్రం ఓటు ఓటు కాకుండా పోతుందా? ఆయన కోర్టుకెళతారని కొందరు, మళ్ళీ ఎన్నికలు పెట్టిస్తారని కొందరు. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పేస్తున్నారు. టీకొట్టు దగ్గర అన్నదమ్ములే ఒకళ్ళనొకళ్ళు అనుమానంగా చూసుకుంటున్నారు. ఈలోగా పదకొండు లారీలు ఆగిపోయాయి.

కొత్త స్టాంపు చేయించమని వీరదుర్గే వెళ్ళి రత్నమాణిక్యాన్ని అడిగింది.

"పాతది ఉండగా కొత్తది కొడితే దొంగస్టాంపంటారు వదినా! గెలిచానో లేదో నాకే అర్థం కావట్లేదు," అని ఆవిడ తల పట్టుక్కూచుంది.

ఆ ఓటు ఎవరిదో వీరదుర్గకి మాత్రం తెలుసు. తనదే.

భర్త పోయిన ఏడాది తన మొదటి లారీని దగ్గరుండి పంపించింది సత్తిరాజు గారే. అందుకే ఆయనకి ముందే మాటిచ్చింది. ఇచ్చిన నాలుగో రోజున రత్నమాణిక్యం కుంకుమ భరిణె పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. పెళ్ళి పిలుపులకి తిరిగినట్టు ఒక్క గడపా తప్పించకుండా తిరిగిందావిడ. తప్పిస్తే ఆ ఇంటివాళ్ళు చిన్నబుచ్చుకోరూ! భర్త లేనిదని వెనకాడకుండా తనకీ బొట్టు పెట్టి, రెండు అరటిపళ్ళూ చిలకపచ్చ జాకెట్టు ముక్కా చేతిలో పెట్టి, "మరచిపోకు వదినా," అంది. బొట్టు పెట్టించుకున్న మొహంతో కాదనడం ఎలా? వీరదుర్గ సరేనంది. తీరా వెయ్యబోయేసరికి, గుమ్మంలోకొచ్చి అడిగిన మనిషికిచ్చిన మాటే తప్పబుద్ధి కాలేదు.

'ఒక్క ఓటేగా, ఆయన ఎలాగూ గెలుస్తారు' అనుకుంది.

"గంటలో వచ్చేస్తాను, ఉండు బాబూ," అని శ్యాంబాబుకి చెప్పి సత్తిరాజు గారింటికి బయల్దేరింది. మెట్లెక్కుతుంటే గుర్తొచ్చింది, ఒంటిమీదున్నది ఆ చిలకపచ్చ జాకెట్టే. గబగబా పైట కప్పుకుంది.

సత్తిరాజు గారు వరండాలో కూర్చున్నారు. నాలుగు రోజుల్లోనే మనిషి సగమయ్యారు. స్టాంపు డబ్బా ఒళ్ళోనే ఉంది. ఆయన భార్య పాపాయమ్మ కాఫీ తెచ్చిచ్చింది. ఆవిడ జాకెట్టూ చిలకపచ్చే. ఆ వారం ఊళ్ళో ఆడవాళ్ళంతా చిలకల్లాగే ఉన్నారు.

"బాబాయిగారూ, నా అంట్లు చచ్చిపోతున్నాయండి."

"తెలుసమ్మా. నాకు మాత్రం అన్నం సయిస్తోందా?"

"మరి స్టాంపు ఇచ్చెయ్యండి."

"ఇస్తే ఓడిపోయానని ఒప్పుకున్నట్టే కదమ్మా. నిజంగా ఓడిస్తే ఒప్పుకుందును. ఆ ఓటు వేసినవాళ్ళకి నన్ను ఓడించాలని లేదే! మొహం మీద కాదనలేకపోయారంతే."

వీరదుర్గ పైట ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "వాళ్ళెవరో మీకు తెలుసాండి?"

"తెలియకేం? రోజూ చూసే మొహమే."

రోజూ పొద్దున్నే ఈ ఇంటిముందునుంచే తను నర్సరీకి వెళ్ళేది.

"మరి పేరు చెప్పేస్తే సరిపోయేదిగా?"

"నలుగురిలో ఎలా చెప్పనమ్మా? ఊరంతా నవ్విపోదూ! పరువు పోదూ!"

ఇంత జరిగినా తన పరువు కాపాడుతున్నాడీ మహానుభావుడు! వీరదుర్గకి ఏడుపు ఆగలేదు. గ్లాసు కింద పెట్టేసింది.

"నేనేనండి బాబాయిగారూ! రత్నమాణిక్యం బొట్టు పెట్టి అడిగితే కాదనలేకపోయాను. మీకు మాటిచ్చి ఆవిడకేశాను. నన్ను తిట్టండి, పదిమందిలో చెప్పండి. ఆ అంట్లని మాత్రం చంపెయ్యకండి!"

గుమ్మంలో ఉన్న పాపాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గబుక్కున లోపలికెళ్ళిపోయింది.

"అయితే రెండన్నమాట," అని గొణుక్కున్నారు సత్తిరాజు గారు.

"రెండేంటండి?"

ఆయన డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టారు. మొలతాడుకున్న ఆఫీసు తాళంచెవి విప్పి దానిమీద పెట్టారు.

"రత్నమాణిక్యానికిచ్చి నీ కాగితం మీద వేయించుకో. ముందు నీ బండే కదలాలి."

"నామీద కోపం లేదు కదండీ?"

సత్తిరాజు గారు తల వంచుకున్నారు.

"మొహమాటానికి వేసింది నేనొక్కణ్ణే అనుకున్నానమ్మా."