వాగొడ్డున నీడ

అడవిలో తల్లి లేని పిల్లలందరినీ పోగేసి, బాతమ్మ ఏటా ఎండాకాలంలో వాగొడ్డున పది రోజులు శిబిరం నడిపేది. దాతలకు కొదవ లేదు. కానీ ఇంత మేలు చేసినవాళ్ళని కాసేపైనా నిలబెట్టడం మర్యాద కాదని ఆవిడ నమ్మకం. ఇచ్చింది పుచ్చుకుని, దణ్ణం పెట్టి, గబగబా సాగనంపేసేది.

ఆ ఏడు దున్నపోతు మామ మోపెడు గడ్డి తెచ్చాడు. బాతమ్మ దణ్ణం పెట్టబోతుంటే జింకపిల్ల అడ్డొచ్చింది.

"ఉండు మామా! నీ కింద చల్లగా ఉంది."

పిల్లలంతా బిలబిలమంటూ ఆయన కడుపు కిందికి దూరారు. ఇన్నేళ్ళూ వీళ్ళు ఎండకు మాడిపోతున్నారని బాతమ్మకు అప్పుడు తెలిసొచ్చింది. మామ కదల్లేదు. పొద్దు వాలేదాకా అలాగే నిలబడి, చిన్నప్పుడు తను బురదలో కూరుకుపోయిన కథ చెప్పాడు.

మర్నాడు ఆయన నేస్తాలు గిజిగాళ్ళు వచ్చి, ఆ గడ్డితోనే పందిరి అల్లేశారు.

"నీడ వచ్చేసిందిగా, ఇక నాతో పనేముంది?" అంటూ మామ వెనుదిరిగాడు.

"పందిరికి కథలు రావు మామా!" అంది జింకపిల్ల.

ఈసారి బాతమ్మ దణ్ణం పెట్టలేదు. "కూర్చో అన్నయ్యా," అంటూ పిల్లల మధ్య చోటు చూపించింది.