గడియారాన్ని కాల్చిన గార్డు

"చెవుల్లోకి దూది పెట్టావురా?" అని అడిగింది అక్క.

"దూదేంటక్కా! చెవులు మొత్తం మూసేవి తెచ్చాను. పక్కన పిడుగు పడ్డా వినపడదు," అన్నాడు తమ్ముడు సంచీ సర్దుతూ.

ఆవిడ భర్త, బ్యాంకు గార్డు, మంచం అంచున కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. ఇవాళ ఫైరింగ్ రేంజిలో అతనికి పరీక్ష. గురి కుదిరితే ఉద్యోగం ఉంటుంది. కుదరకపోతే తుపాకీ, బెల్టు అక్కడే అప్పజెప్పి రావాలని మేనేజరు మొహం మీదే చెప్పేశాడు.

పరీక్ష బావది, హడావిడంతా బామ్మర్దిది. కళ్లకి అద్దాలు, ముందుకి అంచున్న టోపీ, తువ్వాలు, నీళ్ల సీసా, మసి చేతులు కడుక్కోడానికి సబ్బు. చొక్కా కూడా తనే ఇస్త్రీ చేశాడు.

"మెడ దగ్గర బొత్తాం తీయకు బావా. కాల్చాక వేడి తూటా గుల్లలు ఎగిరి చొక్కాలో పడితే ఒళ్లు బొబ్బలెక్కుతుందంట."

సైన్యంలో గురికి కప్పు గెలుచుకున్న మనిషికి మెకానిక్కు షెడ్డులో పనిచేసే కుర్రాడు చెప్పే పాఠం ఇది. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. అయినా గార్డు బొత్తాం పెట్టుకున్నాడు.

"బామ్మర్ది బతక కోరతాడని ఊరికే అన్నారా!" అని మురిసిపోయింది ఆవిడ.

మగాళ్లిద్దరూ నవ్వలేదు. ఒకడు సంచీలోకి చూశాడు, ఒకడు బూట్లలోకి చూశాడు.

ఆ ఇంట్లో నవ్వు పోయి నెల దాటింది. మొహాలకి గుడ్డలు చుట్టుకుని ముగ్గురు బ్యాంకులోకి జొరబడ్డ రోజునుంచీ అంతే. ఇద్దరు ముందు పరిగెత్తారు. సంచీ పట్టుకున్నవాడు గుమ్మం దగ్గర గార్డుకి ఎదురుపడ్డాడు. చెయ్యి చాపితే అందేంత దూరం. గార్డు తుపాకీ ఎత్తాడు, కాల్చాడు. తూటా వెళ్లి గుమ్మం పైనున్న గోడ గడియారానికి తగిలింది. దొంగ సంచీ వదిలేసి పారిపోయాడు. బ్యాంకుకి పోయింది గడియారం ఒక్కటే. పరువంతా గార్డుదే పోయింది.

పోలీసులు గుచ్చి గుచ్చి అడిగారు. "చెయ్యి వణికింది సార్," అన్నాడు. రాసుకుని వెళ్లారు.

ఆ మర్నాటినుంచి వీధిలో అతని పేరు గడియారం. పిల్లలు దాక్కుని "టైమెంతైంది?" అని అరుస్తారు. పెద్దవాళ్లు అరవరు, చేతి వాచీ చూసుకుని నవ్వుతారు. బావకి జరిగిన అవమానానికి బామ్మర్ది కూడా స్నేహితుల్ని మానేసి, పనినుంచి నేరుగా ఇంటికొచ్చి, తలదించుకుని అన్నం తినేవాడు. వాణ్ణి చూసి ఆవిడ ఇంకో గరిటె కూర వేసేది.

"ఇవాళ వాళ్ల నోళ్లు మూయించండి," అంది గుమ్మం దాకా వచ్చి. "మీ చేతికి గురి తప్పడమేంటండీ? నేను నమ్మను."

గార్డు ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు.

రేంజి అంటే పొడుగాటి రేకుల షెడ్డు, ఇసుక బస్తాల వరస, అవతల మట్టి గట్టు, గట్టుకి ఆనించిన కాగితపు బొమ్మలు. వేరే బ్యాంకుల గార్డులు కూడా వచ్చారు. మేనేజరు కుర్చీ వేయించుకుని వెనక కూర్చున్నాడు. బామ్మర్ది సంచీని ఒళ్లో పెట్టుకుని బల్ల చివర ఒదిగాడు.

"ఊపిరి బిగబట్టు. మెల్లగా నొక్కు," అన్నాడు శిక్షకుడు.

మొదటి తూటాకి మట్టి లేచింది. రెండోదానికీ మట్టే లేచింది. తర్వాతది ఎటు పోయిందో ఎవరికీ తెలీలేదు. చివరిది పక్కవాడి బొమ్మకి తగిలింది.

"నాకొకటి కలిసొచ్చింది సార్!" అన్నాడు ఆ పక్కవాడు. షెడ్డంతా గొల్లుమంది.

మేనేజరు మాత్రం నవ్వలేదు. "చెయ్యి వణికిందంటే ఆవేళ నమ్మలేదయ్యా. ఇంత గురి ఉన్నవాడు ఎలా తప్పాడా అని పోలీసులకీ అనుమానమే. ఇప్పుడు నమ్ముతున్నాను. ఏమీ అనుకోకు."

గార్డు తుపాకీ ఇచ్చేశాడు. బెల్టు విప్పి ఇచ్చేశాడు. ఈ నెల రోజుల్లో మనిషి చిక్కిపోయాడేమో, ప్యాంటు జారింది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని అందరి ముందునుంచీ నడిచాడు. సిగ్గుతో చెవులు ఎర్రగా కందిపోయాయి. బామ్మర్ది గబగబా సంచీ అంతా వెతికాడు. అన్నీ ఉన్నాయి, నడుముకి కట్టుకోడానికి మాత్రం ఏమీ లేదు. తువ్వాలే చుట్టాడు.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. ఇంట్లో ఆవిడ ఎదురు చూస్తూ ఉంటుంది. ఏ మొహం పెట్టుకుని చెప్పాలో ఇద్దరికీ తెలీదు. బామ్మర్ది బావ చెయ్యి పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఒక్కటంటే ఒక్కటి కూడా తగల్లేదేంటి బావా?"

గార్డు కిటికీలోంచి బయటికి చూస్తూనే మెల్లగా అన్నాడు: "ఒక్కటి తగిలినా, ఆ రోజు గుమ్మంలో మొహానికి గుడ్డ కట్టుకున్న నీకెందుకు తగల్లేదని అడుగుతార్రా."