దుప్పటి కింద మనిషి

“లేయొద్దు అన్నా, పండుకోండి!”

రెస్క్యూ బోటులో బాలకృష్ణన్ భుజాలను డాక్టర్ విద్య అదిమి పట్టుకుంది. ఆయన బట్టల కొట్టు యజమాని. సరదాకి చేపల పడవెక్కితే అది బోల్తాపడి, తెల్లారేదాకా థర్మకోల్ పెట్టె పట్టుకుని సముద్రంలో తేలాడు.

“నేను బాగుండా కదమ్మా!”

“ఇంతసేపు నీళ్లలో ఉన్నోళ్లు టక్కున లేస్తే రక్తం కాళ్లలోకి దిగిపోతాది. గుండె ఆగినా ఆగుతాది. షుగర్, బీపీ ఏమన్నా ఉండాయా?”

“ఒక్కటీ లేదు. ఇనప మనిషిని!”

హార్బరు దగ్గరపడింది. దుప్పటి కప్పి పడుకోబెట్టిన మనిషిని చూడగానే ఒడ్డున ఆయన భార్య గిరిజ గొల్లుమంది.

“అయ్యో, నేను పోయినాననుకుంటా ఉండాది! లేపమ్మా!”

విద్య లేపలేదు. బోటులో ఉన్న చేతి మైకు తెచ్చి ఆయన నోటి దగ్గర పెట్టింది.

“గిరిజా! బతికే ఉండా! కాఫీ తే, చక్కెర రెండింతలు వెయ్యి!”

ఏడుపు ఠక్కున ఆగింది.

“షుగర్ ఉండే మనిషికి చక్కెర ఏంది?” గిరిజ గొంతు మైకు లేకుండానే బోటుదాకా వచ్చింది.

“ఊరికే చెప్తాదమ్మా,” అని బాలకృష్ణన్ గొణిగాడు.

విద్య అప్పటికే ఆయన వేలికి సూది గుచ్చి, మైకు తన నోటి దగ్గర పెట్టుకుంది. “అక్కా, ఇంకా ఏమేం ఉండాయి?”

“బీపీ! పైల్స్! రాత్రంతా గురక! మాత్రలిస్తే పూలతొట్టిలో పారేస్తారు!”

హార్బరంతా విరగబడి నవ్వింది. ఇనప మనిషి సిగ్గుతో చచ్చిపోయి, దుప్పటిని మొహం మీదికి లాక్కున్నాడు.

ఒడ్డున గిరిజ మళ్లీ గొల్లుమంది.