దక్షిణం వాకిలి

టేపు పట్టుకొని హాలు కొలుస్తున్న గణేష్‌ను చూసి గంగాకిషన్ నిట్టూర్చిండు. గట్టిగనే నిట్టూర్చిండు, అవతలోనికి ఇనబడాలె గద.

గణేష్‌ది బాల్కొండ. దుబాయిల పన్నెండేండ్లు చేసొచ్చి, ఆర్మూర్ల ఇల్లు కొందామని పెండ్లాంతోని వచ్చిండు. ఇల్లు అజీమ్ సాబ్ వాళ్ల నాయిన కట్టించింది. సాబ్ ఇప్పుడు నిజామాబాద్‌ల కొడుకు దగ్గరుంటున్నడు, ఇల్లు అమ్మకానికి పెట్టిండు. అండ్ల పద్దెనిమిదేండ్ల సంది కిరాయికున్నది గంగాకిషన్. ఇల్లు అమ్ముడువోతే బిచానా ఎత్తాలె. గింత తక్కువ కిరాయికి గింత పెద్దిల్లు ఆర్మూర్ మొత్తం గాలించినా దొరకదు. అందుకే చూడవచ్చినోళ్లకు చల్లటి నీళ్లిచ్చి మరీ ఎల్లగొడుతున్నడు.

"ఇల్లు మాత్రం బంగారం తమ్మీ" అన్నడు. "గిసుంటి గోడలు ఇప్పుడెవడు కడ్తడు? గా టేకు తలుపులు చూడు. కాకపోతే, దక్షిణం వాకిలి మీకు నడుస్తదా?"

గణేష్ చేతిల టేపు సర్రున ఎనుకకు వోయింది.

ఇగ గంగాకిషన్ ఆగలె. ఆగ్నేయం మూలకు బాయి ఉన్నదన్నడు. అజీమ్ సాబ్ తమ్మునికి కాలిరిగిందన్నడు. గా ముచ్చట నిజమే, మెండోర రోడ్డు మీద బండి జారి పడ్డడు. మెండోర రోడ్డుకు, ఆగ్నేయం బాయికి ఏం సంబంధమో ఈయన చెప్పలె, గణేష్ అడగలె. గణేష్ పెండ్లాం మాత్రం, మరి మీరెట్లుంటున్నరన్నా అని అడిగింది.

"వాస్తు ఓనర్లకే తగుల్తది చెల్లె. కిరాయోళ్లను ముట్టదు."

పది నిమిషాలల్ల కారు మలుపు తిరిగింది. ఎడారిల పన్నెండేండ్లు ఎండకు భయపడనోడు మూలకున్న బాయికి భయపడె! గంగాకిషన్ పొట్ట పట్టుకొని నవ్విండు.

అర్రల బీడీలు చుడుతున్న వినోద కూడ నవ్వింది. ఆయన లెక్కల పెండ్లాం ఒట్టి అమాయకురాలు. బీడీలు చుట్టుడు, పీఎఫ్ కాయితాలకని నిజామాబాద్ పోవుడు, తల్లి ఇచ్చిన ఎకరం సంగతికని దొంకేశ్వర్ బస్సెక్కుడు, గంతే ఆమె లోకం. ఆ ఎకరం ఏమైందని ఆయన ఎన్నడూ అడగలె. అడిగితే పోయి దున్నుమంటదని భయం.

కని ఒక్క కాడ పనికొస్తది. వీధిపోటు సంగతి మరిచినవని యాది చేస్తది. గంత ఉరుకులాడి చెప్పకు, చెప్పబుద్ధి గానట్టు చెప్పు అని దిద్దుతది. నా కాడ ఉండి ఉండి దీనికి గూడ జర తెలివొచ్చిందని మురిసిండు గంగాకిషన్.

ఎస్తేరు టీచరమ్మ ఇల్లు చూడవచ్చిననాడైతే వినోదనే ఇజ్జత్ కాపాడింది. ఆ తల్లి వాస్తును నమ్మదాయె. దక్షిణమంటే గాలి మంచిగస్తదన్నది! గంగాకిషన్ ఆగ్నేయం బాయి చూపెట్టినా లెక్క చెయ్యలె. గప్పుడు వినోద చాయ్ తెచ్చిచ్చి, కాళ్లు జర మీదికి పెట్టుకో మేడం, పునాదిల పాములున్నయి అన్నది. టీచరమ్మ చాయ్ గూడ తాగలె.

ఎనిమిది నెలలల్ల ఊరంత పాకింది. ఇల్లు చూపిస్తమంటే ఇగ ఎవ్వరు వస్తలేరు. బ్రోకర్ ముఖేష్ వారానికోపారి వచ్చి, వినోద ఇచ్చిన చాయ్ తాగి, నెత్తికి చెయ్యి పెట్టుకొని కూసునేటోడు. అజీమ్ సాబ్ రేటు దించుకుంట, దించుకుంట సగానికొచ్చిండు. ఎంతకన్న పోనీ, నా మెడల గుదిబండ దిగితే చాలన్నడు. పుణ్యానికిచ్చినా ఎవడూ కొనడని గంగాకిషన్ ధైర్యం.

ఓ నాడు గంగాకిషన్ తను పనిచేసే పసుపు యార్డుల కాంటా పెడుతుంటే ముఖేష్ ఫోన్ చేసిండు. పొద్దుగాల రిజిస్ట్రేషన్ అయిపోయిందట. కొన్నదెవరంటే, ఇంటికాడ తెలుస్తది పో అని పెట్టేసిండు.

కాంటా గట్లనే ఇడిసిపెట్టి ఇంటికురికిండు. వినోద అప్పుడే యాడికెళ్లో వచ్చినట్టున్నది. పట్టుచీర కట్టి, వాకిట్ల కాళ్లు కడుక్కుంటున్నది. చీర సంగతి ఆయన కంటికి ఆనితే గద! గడప మీద కూలబడ్డడు. నిజంగనే ఏడుపొచ్చింది. పద్దెనిమిదేండ్లు తిన్నం, పన్నం, ఇగ ఏ సందుల పడాలె? బాయి చెప్పినా, పాములు చెప్పినా బెదరనోడు మనిషా, దయ్యమా? అసుంటోడు కిరాయోళ్లను ఉంచుతడా?

"రేపే వచ్చి ఖాళీ చెయ్యుమంటే యాడికి పోదుమే?"

వినోద చెంబు పక్కకు పెట్టి, కొంగుతోని చేతులు తుడుచుకున్నది.

"నువ్వు మంచిగుంటే నేనెందుకు ఖాళీ చెయ్యుమంటనయ్యా?"