ఒక్క పూటలో కదిలిన కాగితం

జనన మరణాల ఆఫీసు గుమస్తా తన జీవితంలో మొదటి ఆకాశరామన్న ఉత్తరాన్ని ఎడమ చేత్తో రాశాడు.

'అయ్యా, అంతర్జాతీయ యువ నర్తకుల పోటీకి మీరు ఎంచిన పిల్లది దొంగ వయసు. స్కూల్లో ఏడాది తగ్గించి రాయించారు. సాక్ష్యం జతచేశాను.'

ఆ పోటీకి దేశం తరఫున వెళ్ళేది ఒక్కరే. ఎంపికలో పక్కింటి దర్జీ ఆవిడ కూతురు మొదట వచ్చింది, గుమస్తా కొడుకు రెండోవాడయ్యాడు. సోమవారం వయసు కాగితాలు చూసి పేరు ఖాయం చేస్తారు. ఆ పిల్ల తప్పుకుంటే విమానం ఎక్కేది కొడుకే. వాడు వారంగా సరిగా తినడం లేదు. వాడి ముఖం చూస్తే తండ్రికి ఏడుపొస్తోంది.

దారి చూపింది దర్జీ ఆవిడే. మొన్న గుమస్తా ప్యాంటుకి కొలతలు తీస్తూ నోరు జారింది.

"దానికి నిజానికి పదహారు నిండాయి అన్నయ్యగారూ. బళ్ళో వేసేటప్పుడు ఏడాది తగ్గించాం. మీ కడుపులోనే ఉంచుకోండి."

"గోడకి చెప్పాననుకో చెల్లెమ్మా," అన్నాడు గుమస్తా.

మర్నాడే ఆ గోడ పాత రిజిస్టర్ల గదిలో దూరింది. గుమస్తా తుమ్ముతూ తుమ్ముతూ ఆ పిల్ల పుట్టిన పేజీ పట్టుకుని, నకలు తీసి, ముద్ర కొట్టి, వేరే ఫైళ్ళ మధ్య దూర్చి ఆఫీసరు సంతకం చేయించాడు. అర్జీ లేకుండా నకలు తీస్తే ఉద్యోగం పోతుంది. కానీ ఎవరొచ్చినా "రేపు రండి" అనే ఆయన బల్ల మీద ఒక కాగితం ఒక్క పూటలో కదలడం అదే మొదటిసారి.

సోమవారం సాయంత్రం దర్జీ ఆవిడ మిఠాయి పొట్లంతో వచ్చింది.

"పిల్ల పేరు ఖాయమైంది అన్నయ్యగారూ!"

గుమస్తా గొంతు తగ్గించాడు. "మరి... వయసు సంగతి?"

"అదే పెద్ద గండం! పదహారు నిండనివాళ్ళని పోటీకి రానివ్వరట. స్కూలు సర్టిఫికెట్లో దానికి పదిహేనే. జనన రిజిస్టర్ నకలుంటేనే పంపుతామన్నారు. ఎవరో మహానుభావుడు పోస్టులో పంపాడు."

"ఎవరబ్బా?" అన్నాడు గుమస్తా, గోడ వైపు చూస్తూ.

ఆవిడ పొట్లం విప్పి ఆయన చేతిలో పెట్టింది.

"నేను అర్జీ పెట్టి మూడు నెలలైనా మీరు కవరే విప్పలేదు, పోనీ నోరు తెరిచి అడుగుదామంటే మీవాడూ పోటీలో ఉన్నాడాయె, అందుకే మొన్న కావాలనే నోరు జారాను."