ఎడమ పక్క స్పీకరు

“బాగుందిలేప్పా,” అన్నాడు భీమప్ప.

“బాగలేదు,” అంది కోడలు గౌరి.

ముజమ్మిల్ పాట ఆపాడు. ఆదోనిలో అతనిది ఆడియో షాపు. ఎంత పాత స్పీకరు తెచ్చినా, దానికి సరిపోయే ఆంప్లిఫయర్ తక్కువలో చూసి జత కుదిర్చి పంపుతాడు. అందులో అతనికి తిరుగులేదు.

భీమప్పకు చూపు లేదు. పొద్దస్తమానం పాటలే తోడు. ఎమ్మిగనూరులో వాళ్ళింటి ఆంప్లిఫయర్ కాలిపోయినప్పటి నుంచి ముద్ద కూడా సరిగా ముట్టడం లేదట. అందుకే గౌరి ఆ రెండు చెక్క స్పీకర్లనూ సంచుల్లో పెట్టుకుని, మామను చెయ్యి పట్టుకుని బస్సులో తీసుకొచ్చింది. అవి ఆయన వయసులో ఉన్నప్పుడు కొన్నవి. అల్మరాలో పుస్తకాల పక్కన పట్టేంత చిన్నవి.

ముజమ్మిల్ పెద్ద ఆంప్లిఫయర్ తీసేసి చిన్నది పెట్టాడు.

“పాత స్పీకర్లక్కా. ఎక్కువ పవరిస్తే తట్టుకోవు. ఇది సాలు.”

పాట మొదలైంది.

“శానా బాగుందప్పా,” అన్నాడు భీమప్ప.

గౌరి స్పీకర్ల వైపు చూడనేలేదు. మామ మొహమే చూస్తూ నిలబడింది.

“లేదన్నా. ఇంకా కుదర్లేదు.”

సన్న వైరు పీకేసి లావు రాగి వైరు వేశాడు. మళ్ళీ పాట. మళ్ళీ బాగుందన్నాడు మామ. కోడలు తల అడ్డంగా ఊపింది.

“వినే మనిషి బాగుందంటాండాడు. నీకేమక్కా కష్టం?”

“మొగమాటానికి అంటాండాడు. మా మామ సంగతి నాకు తెల్దా? యాడో తప్పుంది, సూడన్నా.”

ఇన్నేళ్ళలో ముజమ్మిల్ పనికి వంక పెట్టినవాళ్ళు లేరు. అటు తిరిగి వైర్లు సవరిస్తూ గొణిగాడు.

“పాటంటే ఏందో తెలీనోళ్ళంతా నాకు సెప్పొచ్చేటోళ్ళే!”

గౌరి మారు మాట్లాడలేదు. భీమప్ప మొహం మాత్రం చిన్నబోయింది.

అప్పుడు కనబడింది. ఎడమ పక్క స్పీకరుకు ఎర్ర వైరూ నల్ల వైరూ తారుమారుగా ఉన్నాయి. ప్రతిసారీ అలాగే బిగించింది తనే.

కిక్కురుమనకుండా మార్చాడు. పాట పెట్టాడు.

అంతదాకా చెల్లాచెదురుగా వినబడిన గొంతు, పాడే మనిషి ఎదురుగా వచ్చి కూర్చున్నట్టు, రెండు స్పీకర్ల నడుమ కుదురుకుంది. భీమప్ప బాగుందని కూడా అనలేదు. మెల్లగా ముందుకు వంగాడు. పాటతో పాటు ఆయన పెదవులు కదిలాయి.

“ఇదే అన్నా! కట్టియ్యి,” అంది గౌరి.

తప్పయిందక్కా అనాలనుకున్నాడు ముజమ్మిల్. అనకుండానే సామాను సంచుల్లో సర్దిచ్చాడు. మామాకోడళ్ళు వెళ్ళిపోయారు.

మర్నాడు భీమప్ప ఫోన్ చేశాడు.

“నిన్నట్నుంచి కడుపు నిండా తింటాండానప్పా. పాట అంత బాగొస్తాంది.”

“పెద్దాయనా, నిన్న నోరు జారినా. పాట మీద అంత గురి ఉండే మనిషిని అట్ల అనకూడదు. అక్కకొకసారి ఫోనియ్యి. నేనే సెప్పుకుంటా.”



“ఆ బిడ్డకు ఫోనిస్తే ఏం లాభమప్పా? జ్వరమొచ్చి సెవులు పోయి శానా ఏండ్లాయ. ఎదుటోళ్ళ పెదాలు సూసి మాట్లాడతాది. పాటంటావా, నిన్న నా మొగం సూసి ఏరింది.”